చుక్క రాలిపోయాకే అసలు పని

చిట్టితల్లికి,

నువ్వు పంపిన ఫోటోలు పెద్దవి చేసి చూశాను. నియాన్ టెట్రాల తోకల మీద, నల్ల మోలీ వీపు మీద ఉన్నవి వైట్ స్పాట్ చుక్కలే, సందేహం లేదు. "రాత్రికి రాత్రి చచ్చిపోతాయా పెద్దమ్మా?" అని అడిగావు. మేత తింటున్నాయన్నావు కాబట్టి మనకి టైముంది. ఈ జబ్బుని పట్టించుకోకుండా వదిలేస్తే ట్యాంకు ఖాళీ అవుతుంది. గాభరాపడి నాలుగు మందులు కలిపి పోస్తే అంతకంటే ముందే ఖాళీ అవుతుంది. ఈ ఉత్తరం చదవడం మొదలుపెట్టే ముందు వెళ్ళి ఎయిర్ పంపు పూర్తిగా తిప్పి, థర్మామీటర్‌లో ఎంత ఉందో రాసి పెట్టుకుని రా.

మీ నాన్నగారు భీమవరం వైపు రొయ్యల చెరువుల్లో వైట్ స్పాట్ వచ్చి రైతులు ఎలా మునిగిపోయారో చూసిన మనిషి. అందుకే ఆ పేరు వినగానే "ఇక లాభం లేదు, పారబోసెయ్" అన్నారని అర్థమైంది. ఆయనకి నెమ్మదిగా చెప్పు. రొయ్యలకి వచ్చేది వైరస్, దానికి మందు లేదు. నీ చేపలకి వచ్చింది ఏకకణ జీవి. పేరొకటే గానీ రెండింటికీ ఏ సంబంధమూ లేదు. ఇది నయమవుతుంది.

ఆ జీవి పేరు ఇక్తియోఫ్తిరియస్ మల్టీఫిలియిస్. 1876లో ఫూకే అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు దీన్ని వర్ణించాడు. షాపుల్లో 'ఇక్' అంటారు. ఇంటర్‌లో పారమీషియం బొమ్మ వేశావు కదా, ఒళ్ళంతా శైలికలతో? ఇది కూడా ఆ వర్గానిదే. మీ కాలేజీ ల్యాబ్‌లో మైక్రోస్కోప్ కింద చూసే అవకాశం దొరికితే లోపల గుర్రపు నాడా ఆకారంలో పెద్ద కేంద్రకం కనిపిస్తుంది. అదే దాని గుర్తు.

ఇప్పుడు చెప్పబోయేది నిదానంగా చదువు. వైద్యమంతా దీని మీదే నడుస్తుంది. నీకు కనిపించే తెల్ల చుక్క చేప ఒంటి మీద లేదు, చర్మం పైపొర కింద ఉంది. అక్కడ దాక్కుని చేప కణాలను తింటూ అర మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు దాకా పెరుగుతుంది. ఏ మందూ అక్కడికి చేరదు. చేరేంత మోతాదు పోస్తే ముందు చేపే పోతుంది. కడుపు నిండాక ఆ జీవి తనంతట తానే చర్మం చీల్చుకుని బయటికొచ్చి, కిందకి దిగి, గులకరాళ్ళకో మొక్క ఆకుకో అంటుకుని చుట్టూ జిగురు కోశం కట్టుకుంటుంది. కోశంలో ఒకటి రెండై, రెండు నాలుగై, వందలుగా, ఒక్కోసారి వెయ్యి దాకా చీలుతుంది. ఆ పిల్లలన్నీ ఒక్కసారిగా బయటపడి చేపని వెతుక్కుంటూ ఈదుతాయి. ఒకటి రెండు రోజుల్లో చేప దొరక్కపోతే చచ్చిపోతాయి. మందుకి లొంగేది ఈ ఈదే దశలో మాత్రమే.

అంటే నువ్వు వైద్యం చేసేది చేపకి కాదు, నీళ్ళకి. చుక్కలు పోవడం చూసి జబ్బు తగ్గిందనుకోవడమే ఈ జబ్బులో జనం చేసే పెద్ద పొరపాటు. చుక్క మాయమైందంటే అది చచ్చిపోయిందని కాదు, రాలి కింద పిల్లల్ని పెడుతోందని. మూడో రోజు చేపలు అద్దంలా మెరుస్తుంటే మందు ఆపేస్తారు. వారం తిరక్కుండా పదింతల చుక్కలతో జబ్బు తిరిగొస్తుంది. అప్పుడు మందు నకిలీదని షాపు వాడితో పోట్లాడతారు.

ఈ చక్రం ఎంత వేగంగా తిరుగుతుందనేది నీటి వేడిని బట్టి ఉంటుంది. 25 డిగ్రీల దగ్గర ఐదారు రోజులు పడుతుంది. 10 డిగ్రీల్లో నెల దాటిపోతుంది. వేడి పెంచితే చుక్క త్వరగా రాలుతుంది, పిల్లలు త్వరగా బయటపడి మన చేతికి చిక్కుతాయి. 30 డిగ్రీలు దాటితే చాలా రకాలు అసలు బతకలేవు. డిసెంబరులో హైదరాబాదులో రాత్రుళ్ళు నీళ్ళు బాగా చల్లబడతాయి. ఆ చలికి చేప నీరసిస్తుంది. జబ్బు మాత్రం నెమ్మదిగా, రోజుల తరబడి సాగుతుంది. చలికాలంలో ఈ ఫోన్లు నాకు ఎక్కువ వచ్చేది అందుకే.

ఇక పని. హీటర్‌ని ఆరు గంటలకి ఒక డిగ్రీ చొప్పున పెంచుకుంటూ పో. రెండు రోజుల్లో 30కి తీసుకురా. ఒక్కసారిగా పెంచకు. వేడి నీళ్ళల్లో ప్రాణవాయువు తక్కువ కరుగుతుంది, ఈ జబ్బులో మొప్పలు ముందే దెబ్బతిని ఉంటాయి. అందుకే ముందుగా ఎయిర్ పంపు తిప్పమన్నాను. చేపలు పైకొచ్చి నోరు తెరిచి గాలి పీలుస్తుంటే వేడి పెంచడం అక్కడే ఆపెయ్. కరెంటు పోయే అవకాశముంటే బ్యాటరీతో నడిచే చిన్న ఎయిర్ పంపు ఒకటి దగ్గర పెట్టుకో. నీళ్ళల్లో చెయ్యి పెట్టే ప్రతిసారీ హీటర్ ప్లగ్ తీసెయ్యాలి. ఈ ఒక్క విషయంలో నాకు మాటివ్వు.

వేడి పెంచిన మొదటి రెండు మూడు రోజులు చుక్కలు ఎక్కువైనట్టు కనిపిస్తాయి. అప్పటికే చర్మం కింద సన్నగా ఉన్నవి ఒక్కసారిగా పెరిగి కంటికి ఆనుతాయి, అంతే. భయపడి పద్ధతి మార్చకు.

రోజు విడిచి రోజు పావు వంతు నీళ్ళు మార్చు. పైనుంచి మగ్గుతో తోడితే లాభం లేదు. సైఫన్ గొట్టం గులకరాళ్ళలోకి దించి అడుగు నుంచి లాగు. కోశాలు ఉండేది అక్కడే. ఒక్కో కోశం బయటికి పోయిందంటే కొన్ని వందల పిల్లలు పుట్టకుండానే పోయినట్టు. ఏ సీసా మందూ ఇంత పని చేయదని నా గట్టి నమ్మకం. కుళాయి నీళ్ళల్లో క్లోరిన్ ఉంటుంది కాబట్టి ముందురోజే బకెట్లో పట్టి ఎయిర్ స్టోన్ వేసి ఉంచు, లేదా యాంటీ క్లోరిన్ చుక్కలు వెయ్యి. పోసే నీళ్ళు ట్యాంకు నీళ్ళంత వెచ్చగా ఉండాలి.

ఉప్పు సంగతి. నీది రెండడుగుల ట్యాంకు. పొడవు 60 సెంటీమీటర్లు, వెడల్పు 30, గులకరాళ్ళ పైనుంచి నీటిమట్టం దాకా 25 అన్నావు. మూడూ గుణించి వెయ్యితో భాగిస్తే 45 లీటర్లు. మోలీలు, గప్పీలు మాత్రమే ఉంటే లీటరుకి 2, 3 గ్రాములు వెయ్యమనేదాన్ని, వాటికి ఉప్పు పడుతుంది. నీ దగ్గర టెట్రాలు, కోరీ క్యాట్‌ఫిష్‌లు ఉన్నాయి. కోరీలకి పొలుసుల బదులు పలకలుంటాయి, ఉప్పు పెద్దగా ఓర్చుకోలేవు. అందుకని లీటరుకి 1 గ్రాము చాలు, అంటే 45 గ్రాములు. చెంచా కొలత వద్దు, కల్లుప్పు గింజ ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది, తూకం వెయ్యి. మగ్గు నీళ్ళల్లో పూర్తిగా కరిగించి, మూడు భాగాలు చేసి, ఒక రోజంతా తీసుకుని పొయ్యి. నీళ్ళు ఆవిరైతే ఉప్పు పోదు, అలాగే ఉంటుంది. కాబట్టి మార్చిన నీళ్ళకి సరిపడా మాత్రమే మళ్ళీ కలపాలి. 11 లీటర్లు మారిస్తే 11 గ్రాములు. ప్రతిసారీ 45 వేసుకుంటూ పోతే నాలుగోసారికి కోరీలు పోతాయి.

షాపు వాడు ఇచ్చిన పచ్చటి మందు సీసా ప్రస్తుతానికి పక్కన పెట్టు. అందులో ఉన్నది మలకైట్ గ్రీన్. పనిచేసే మందే, కాదనను. కానీ మనిషికి కూడా మంచిది కాదు, తినే చేపల పెంపకంలో చాలా దేశాలు నిషేధించాయి. ఐదారు రోజుల తర్వాత కూడా కొత్త చుక్కలు పుడుతుంటే అప్పుడు తీద్దాం. 30 డిగ్రీలని తట్టుకునే రకాలు కొన్ని ఉన్నాయి మరి. అప్పుడైనా టెట్రాలు, కోరీలు ఉన్న ట్యాంకులో సీసా మీద రాసినదాంట్లో సగమే వెయ్యాలి. చేతికి గ్లవ్స్ వేసుకోవాలి. ఫిల్టర్‌లో బొగ్గు ఉంటే ముందు తీసెయ్యాలి, లేకపోతే మందునంతా అదే పీల్చేసుకుంటుంది. రాగి కలిసిన మందు మాత్రం ఎవరు చెప్పినా వద్దు, నీ నత్తలు ఒక్కటి మిగలవు.

చివరి చుక్క కనిపించిన తేదీ క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకో. అక్కడి నుంచి పది రోజులు వేడి, ఉప్పు, నీళ్ళు మార్చడం ఏమీ తగ్గించకుండా సాగించు. తర్వాత వేడి రోజుకి ఒక డిగ్రీ చొప్పున దించు. ఉప్పు నీళ్ళు మార్చేకొద్దీ దానంతటదే పలచబడుతుంది.

మీ స్నేహితురాలి గోల్డ్‌ఫిష్‌కి కూడా వచ్చిందని రాశావు. ఆ ఫోటోలో చుక్కలు మొప్ప మూతల మీద, పక్క రెక్కల ముందు అంచున మాత్రమే వరసగా ఉన్నాయి. అది జబ్బు కాదు, మగ గోల్డ్‌ఫిష్‌కి జత కట్టే కాలంలో వచ్చే గుర్తులు. మందు పొయ్యొద్దని ఇవాళే చెప్పు. చుక్కలకి బదులు ఒళ్ళంతా సన్నటి పసుపు పొడి పూసినట్టుంటే అది వెల్వెట్, వేరే జబ్బు. దూదిలా ఉంటే అదీ వేరే.

"ఈ క్రిమి ఎప్పుడూ నీళ్ళల్లో ఉంటుంది, చేప నీరసిస్తే పట్టుకుంటుంది" అని నీకు చెప్పినవాళ్ళ మాట నమ్మకు. చేప దొరక్కపోతే దాని పిల్లలు ఒకటి రెండు రోజుల్లో చచ్చిపోతాయని పైన చెప్పాను కదా. ఎవరో ఒకరు మోసుకొస్తేనే వస్తుంది. ఒకసారి జబ్బుపడి కోలుకున్న చేపకి కొంత నిరోధకశక్తి వస్తుంది. అలాంటి చేప పైకి శుభ్రంగా కనిపిస్తూ మొప్పల్లో ఒకటి రెండు మోస్తూ ఉండవచ్చు. నీ టెట్రాలు అలాగే వచ్చి ఉంటాయి. మన షాపుల్లోకి చేపలు చాలావరకు చెన్నై కొళత్తూరు నుంచో కోల్‌కతా నుంచో సంచుల్లో ప్రయాణం చేసి, చలికి, ఇరుకుకి బెదిరిపోయి దిగుతాయి. ఆ అలసటలో దాగి ఉన్న జబ్బు బయటపడుతుంది. షాపులో నీకు కావలసిన చేపనే కాదు, పక్క ట్యాంకుల్ని కూడా చూడు. అన్నిటికీ ఒకటే వల వాడుతుంటారు.

జనవరిలో ఇంకో నాలుగు టెట్రాలు కొంటానన్నావు. కొనుక్కో, కానీ ముందు 20 లీటర్ల ప్లాస్టిక్ టబ్బు ఒకటి, స్పాంజి ఫిల్టర్ ఒకటి తీసుకో. ఫిల్టర్‌ని పెద్ద ట్యాంకు జబ్బు పూర్తిగా తగ్గాకే అందులో ఒక మూల పెట్టి నడుపు, మంచి బ్యాక్టీరియా పడుతుంది. కొత్త చేపలు ఆ టబ్బులో మూడు వారాలు ఉండాలి. దాని వల, గొట్టం వేరు. తడి వలతో జబ్బు ఇవతల నుంచి అవతలకి పోతుంది, ఎండలో కరకరలాడేలా ఆరితే చస్తుంది. షాపు సంచిలోని నీళ్ళు మొక్కలకి పొయ్యి, టబ్బులో ఒక్క చుక్క కూడా పడనివ్వకు.

రేపు పొద్దున్న థర్మామీటర్ అంకె, కోరీల ఫోటో పంపు. వాటి ఊపిరి వేగంగా ఉంటే ఉప్పు రెండో భాగం పోయకుండా నాకు ఫోన్ చెయ్యి, ఎంత తెల్లవారుజామైనా సరే.

ఆశీస్సులతో,
పెద్దమ్మ