ఇక్కడి కార్తె

ఎడిసన్, న్యూజెర్సీ
ఫిబ్రవరి నెలాఖరు

చి.సౌ. చిట్టికి,


కొత్తింటి వెనక కూరపాదులు పెడతానని మొన్న ఫోనులో అన్నావు. అప్పటినుంచీ నా మనసంతా మీ పెరట్లోనే ఉంది. ఫోనులో చెప్పినవి పనుల్లో పడి మరిచిపోతావని రాసి పంపుతున్నాను. ఫ్రిజ్ తలుపుకి అంటించుకో.

ఊళ్ళో మీ తాతయ్య కార్తె చూసి విత్తేవారు. మృగశిర చినుకు పడితేనే గింజ నేలలోకి వెళ్ళేది. ఇక్కడ మనకి కార్తె అంటే చివరి మంచు. మన వైపు మే రెండో వారం దాకా ఆ భయం ఉంటుంది. లెక్కలన్నీ ఆ రోజు నుంచి వెనక్కి వెయ్యి. నేను వచ్చిన కొత్తలో ఏప్రిల్‌లో నాలుగు రోజులు ఎండ కాసేసరికి ఆశపడి వంగ, టమాటా, సొర నారంతా నాటేశాను. ఒక్క రాత్రి మంచుకి తెల్లారేసరికి మొక్కలన్నీ ఉడికిన ఆకుకూరలా నల్లబడి వాలిపోయాయి. ఆ పొద్దున పెరట్లో కూర్చుని ఏడ్చాను. నీకు ఆ కష్టం వద్దు.

మిరప, వంగ గింజలు మార్చి మొదటి వారంలోనే ఇంట్లో నారు పొయ్యి. వాటికి మట్టి వెచ్చగా ఉండాలి, లేకపోతే మూడు వారాలైనా తల ఎత్తవు. అడుగున హీట్ మ్యాట్ వేస్తే త్వరగా మొలుస్తాయి. టమాటాకి మార్చి నెలాఖరు చాలు. సొర, బీర, కాకర వేళ్ళు కదిలితే అలుగుతాయి కాబట్టి ఏప్రిల్ నెలాఖరున ఒక్కో గింజా ఒక్కో కప్పులో పెట్టు, తర్వాత కప్పులోని మట్టి చెదరకుండా మట్టితో సహా నాటొచ్చు. కాకర గింజ పెంకు గట్టిది. మొన దగ్గర కొంచెం గిల్లి, రాత్రంతా నీళ్ళలో నానబెట్టి, తడిగుడ్డలో చుట్టి ఉంచు. మొలక కనిపించాక మట్టిలో పెట్టు. ఏ గింజనైనా దాని మందానికి రెండు మూడింతల లోతుకి మించి పాతకు.

కిటికీ వెలుగుని నమ్ముకోకు. మార్చి ఎండ చాలక నారు పీలగా సాగి పడిపోతుంది. మామూలు ఎల్‌ఈడీ దీపం మొక్కలకి రెండు మూడు అంగుళాల ఎత్తులో కట్టి, రోజుకి 14 నుంచి 16 గంటలు వెలిగించు. నీళ్ళు ఎక్కువైతే నారుకుళ్ళు వస్తుంది. కాడ మట్టి దగ్గర సన్నబడి ఒక్క పూటలో వాలిపోతుంది. పైమట్టి ఆరాకే, అదీ అడుగు పళ్ళెంలో నీళ్ళు పోసి పీల్చుకోనివ్వు.

నారు ఎదిగేలోగా నేల సంగతి చూడు. రోజుకి ఆరు నుంచి ఎనిమిది గంటలు ఎండ పడే చోటు వెతుకు. బ్లాక్ వాల్‌నట్ చెట్టు ఉంటే దానికి దూరంగా జరుగు, దాని వేళ్ళ నుంచి వచ్చే విషం టమాటాని, వంగని చంపేస్తుంది. మీది పాత ఇల్లు కదా, పాత రంగుల్లోని సీసం గోడల పక్క మట్టిలో చేరి ఉండొచ్చు. రట్గర్స్ విశ్వవిద్యాలయం వాళ్ళ ల్యాబ్‌కి మట్టి పంపి పరీక్ష చేయించు. మొదటి ఏడు నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవు మడి ఒక్కటి చాలు. చుట్టూ కంచె మాత్రం మానకు. కుందేళ్ళకీ జింకలకీ లేత చిక్కుడు ఆకంటే ప్రాణం.

నారు వచ్చేదాకా చేతులు ఊరుకోవని నాకు తెలుసు. ఏప్రిల్ మొదట్లో పోపులడబ్బా తియ్యి. అందులో మెంతులు చల్లితే వారంలో మొలుస్తాయి. ధనియాలు రాయితో మెల్లగా నలిపి రెండు బద్దలు చేసి చల్లు. వీటికి చలి పడుతుంది. బెండ, గోంగూర, తోటకూర మాత్రం మే నెలాఖరు దాకా విత్తకూడదు. తోటకూర గింజలు ఇసుకలో కలిపి చల్లితే గుత్తులుగా మొలవవు. చూశావా, రోహిణి కార్తెలో అక్కడ రోళ్ళు పగిలే ఎండలు. అదే కార్తెలో ఇక్కడ బెండగింజకి నేల సరిగ్గా వేడెక్కుతుంది.

లోపల పెరిగిన నారుని ఒక్కసారిగా ఎండలో పెట్టకు. మొదటిరోజు గంటసేపు నీడలో, తర్వాత కాస్త కాస్త ఎండలో, వారం పదిరోజులు అలవాటు చెయ్యి. రాత్రి 50 డిగ్రీల ఫారెన్‌హీట్ కంటే తగ్గుతుందంటే లోపలికి తెచ్చుకో.

సొరకి మొదట మగపువ్వులే పూస్తాయి, కంగారు పడకు. ఆడపువ్వుకి వెనక బుల్లి పిందె ఉంటుంది. సొరపూలు సాయంత్రం విచ్చుతాయి. అప్పుడు మగపువ్వు తెంపి దాని పుప్పొడి ఆడపువ్వుకి అద్దితే పిందె రాలదు. మన చిక్కుడులో ఎక్కువ రకాలు పగలు కురచయ్యాకే పూస్తాయి, పూత వచ్చేసరికి ఇక్కడ అక్టోబరు మంచు పడుతుంది. కాబట్టి త్వరగా కాసే రకమే కొను.

మీ అమ్మ సూట్‌కేసులో గింజలు పెడతానంటే వద్దని చెప్పు. ధ్రువపత్రం లేని విత్తనాలు ఈ దేశంలోకి తేకూడదు, వాటితో పురుగూ తెగులూ రావచ్చు. మన కూరల విత్తనాలు ఇక్కడే దొరుకుతాయి.

ఈ కవరులో పది సొరగింజలు పెట్టాను. ఏటా ఒక కాయ తీగ మీదే ఎండనిచ్చి, గింజలు బూడిదలో కలిపి దాచుకుంటూ వచ్చిన పాదువి. ఇప్పుడు ఐదే పెట్టు. మిగతా ఐదూ దాచు. నారు పోయిన ఆ ఏడాది నా దగ్గర మిగిలిన గింజలతోనే జూన్‌లో మళ్ళీ పెట్టాను. సెప్టెంబరులో ఇల్లంతా సొరకాయలే.

ఇట్లు,
మీ పెద్దమ్మ