ఖర్చు లేని జాగ్రత్తలు: ఇంట్లో కంప్యూటర్, చేతిలో ఫోను



గత రంజాన్ నెలలో మా బంధువుల్లోనే ఒకరికి జరిగిన సంగతితో మొదలు పెడతాను. దర్శిలో చిన్న దుకాణం నడుపుకునే మా మామూకు వాట్సాప్‌లో ఒక ఫోటో వచ్చింది. ఆస్పత్రి మంచం మీద పసిబిడ్డ, పక్కన ఏదో ధార్మిక సంస్థ పేరున్న లెటర్‌హెడ్, కింద క్యూఆర్ కోడ్. ఇఫ్తార్‌కు ముందు మనసు మెత్తగా ఉండే వేళ అది. వెంటనే ఐదు వేలు పంపారు. మరునాడు ఫోను: "అన్నగారూ, మీ డబ్బు రెండుసార్లు వచ్చింది, ఒకటి తిరిగి పంపుతున్నాం, పిన్ కొడితే మీ ఖాతాలో పడుతుంది." కొట్టారు. పడలేదు సరికదా, మరో పద్దెనిమిది వేలు పోయాయి.

ఆయన ఎవరికీ చెప్పలేదు. "ఈ వయసులో మోసపోయానంటే పిల్లలు నవ్వుతారు" అని రెండు రోజులు దాచారు. తర్వాత నెలలో, నిజంగానే వైద్యం అవసరమైన ఒక కుటుంబం కోసం నేను అడిగితే, "ఫోనులో అడిగే ఎవరికీ ఇవ్వనురా" అన్నారు. పోయిన ఇరవై మూడు వేలు కష్టపడితే మళ్లీ వస్తాయి. ఇచ్చే చేయి వెనక్కి తగ్గితే ఆ నష్టం పేదవాడిది. అందుకే ఈ సంవత్సరం సంచికకు ఈ విషయం రాస్తానని అడిగాను.

నేను కంప్యూటర్ ఇంజనీరును కాను. పిల్లలకు చెబుతూ నేర్చుకున్నవాడిని. కింద రాసిన వాటిలో ఏ ఒక్కదానికీ డబ్బు కట్టనక్కరలేదు.

1. డబ్బు పంపే ముందు

యూపీఐ 2016లో వచ్చింది. దాని నియమం ఒక్కటి గుర్తుంటే చాలు: డబ్బు మన ఖాతా నుంచి వెళ్లేటప్పుడే పిన్ కావాలి. మనకు రావడానికి పిన్ అక్కరలేదు, క్యూఆర్ కోడ్ స్కాన్ చేయనక్కరలేదు. "మీకు పంపుతున్నాం, పిన్ కొట్టండి" అన్న మాట ఎవరి నోటి నుంచి వచ్చినా అబద్ధమే.

విరాళం పంపేటప్పుడు తెర మీద ఖాతాదారు పేరు కనిపిస్తుంది. సంస్థ పేరు ఒకటి, తెర మీద పేరు మరొకటి అయితే ఆగండి. ఫోటోలో ఉన్న నంబరుకు కాకుండా, మీకు ముందునుంచి తెలిసిన కమిటీ సభ్యుడికి ఫోను చేసి అడగండి. ఒక్క ఫోను, రెండు నిమిషాలు. రసీదు అడగడం అనుమానం కాదు, అది అమానత్‌లో భాగం. మన సొసైటీనైనా అలాగే అడగండి.

వాట్సాప్‌లో పెళ్లి పత్రిక అనో, ట్రాఫిక్ చలానా అనో, పీఎం కిసాన్ జాబితా అనో ఒక ఫైలు వస్తుంది. పేరు చివర "ఏపీకే" అని ఉంటే దాన్ని ముట్టుకోవద్దు. పత్రిక అయితే ఫోటోగానో పీడీఎఫ్‌గానో వస్తుంది. ఏపీకే అంటే ఫోనులోకి ఎక్కే ఒక యాప్. అది ఎక్కి, మనం అనుమతులు నొక్కామంటే, బ్యాంకు నుంచి వచ్చే ఓటీపీలను దొంగ చదవగలడు. పంపింది మీ తమ్ముడి నంబరే అయినా సరే, అతని ఫోను అప్పటికే దొంగ చేతిలో ఉండవచ్చు.

బ్యాంకు కస్టమర్ కేర్ నంబరును గూగుల్‌లో వెతకవద్దు. దొంగలు పెట్టిన నంబర్లు అక్కడ పైన కనిపిస్తాయి. ఏటీఎం కార్డు వెనుక, పాస్‌బుక్ మీద అసలు నంబరు ఉంటుంది. పోలీసు యూనిఫాం వేసుకుని వీడియో కాల్‌లో "మీరు డిజిటల్ అరెస్టులో ఉన్నారు" అనేవాడు పోలీసు కాదు. మన చట్టంలో అటువంటి అరెస్టు లేదు.

డబ్బు పోయిందా? సిగ్గుపడి కూర్చోవద్దు. వెంటనే 1930కి ఫోను చేయండి. ఇది దేశమంతటా పనిచేసే సైబర్ నేరాల సహాయ నంబరు. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో కూడా ఫిర్యాదు చేయవచ్చు. దొంగ ఆ సొమ్మును ఒక ఖాతా నుంచి మరో ఖాతాకు మారుస్తూ పోతాడు. మధ్యలో పట్టుకుంటే ఆ ఖాతాలో ఆపగలరు. అందుకే మొదటి గంట విలువైనది. బ్యాంకుకూ అప్పుడే చెప్పాలి. 2017 జూలైలో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం, మన తప్పూ బ్యాంకు తప్పూ లేకుండా బయట జరిగిన మోసాన్ని మూడు పనిదినాల్లోపు తెలియజేస్తే ఖాతాదారు మీద భారం పడదు. మనమే పిన్ ఇచ్చి ఉంటే, బ్యాంకుకు చెప్పేవరకు జరిగిన నష్టం మనది, చెప్పిన తర్వాత జరిగేది బ్యాంకుది. మా మామూ ఆ రెండు రోజులు పోగొట్టుకున్నారు.

2. తాళాలు

ఇంటికి, దుకాణానికి, బీరువాకు ఒకే తాళంచెవి ఎవరూ పెట్టుకోరు. కానీ ఈమెయిల్‌కు, ఫేస్‌బుక్‌కు, బ్యాంకుకు ఒకే పాస్‌వర్డ్ పెట్టుకుంటాం. అన్నిటికంటే ముఖ్యమైనది ఈమెయిల్ పాస్‌వర్డ్, ఎందుకంటే మిగతావాటిని మార్చుకునే దారి దాని గుండానే వెళుతుంది. సంబంధం లేని నాలుగు మాటలు కలిపి పొడవుగా పెట్టుకోండి. గుర్తుండకపోతే ఇంట్లో డైరీలో రాసి బీరువాలో పెట్టండి. దూరాన ఉన్న దొంగ మీ బీరువా తెరవలేడు. బిట్‌వార్డెన్ వంటి ఉచిత పాస్‌వర్డ్ పెట్టె కూడా ఉంది.

వాట్సాప్‌లో సెట్టింగ్స్, అకౌంట్, టూ స్టెప్ వెరిఫికేషన్ తెరిచి ఆరంకెల పిన్ పెట్టుకోండి. ఎవరైనా మాయమాటలతో మీ ఓటీపీ తెలుసుకున్నా, ఈ పిన్ లేకుండా మీ వాట్సాప్‌ను తమ ఫోనులో పెట్టుకోవడం కష్టమవుతుంది. జీమెయిల్‌కూ ఇటువంటి ఏర్పాటే ఉంది.

మీ పేరు మీద ఎన్ని సిమ్ కార్డులు ఉన్నాయో తెలుసా? కేంద్ర టెలికాం శాఖ 2023లో తెచ్చిన సంచార్ సాథీలో మీ నంబరు, ఓటీపీ ఇస్తే జాబితా కనిపిస్తుంది. మీది కానిది ఉంటే అక్కడే చెప్పవచ్చు. ఫోను పోయినప్పుడు దాన్ని ఏ సిమ్‌తోనూ పనిచేయకుండా బ్లాక్ చేయించడం కూడా అక్కడే.

ఆధార్ విషయం ఇంకా జాగ్రత్తగా చూడాలి. 2018లో తెలంగాణలో ఒక వ్యక్తి రిజిస్ట్రేషన్ దస్తావేజుల మీది వేలిముద్రలతో నకిలీ ముద్రలు తయారుచేసి సిమ్‌లు తీసిన కేసు బయటపడింది. ఆధార్ సంస్థ వెబ్‌సైట్‌లో బయోమెట్రిక్ లాక్ ఉంది. దాన్ని వేస్తే మీ వేలిముద్రతో ఎవరూ లావాదేవీ చేయలేరు. అయితే రేషన్‌కో పింఛనుకో వేలిముద్ర వేయాల్సినవారు ఆ సమయానికి లాక్ తీసుకోవాలి. లేకపోతే పెద్దవాళ్లు క్యూలో నిలబడి వెనక్కి రావలసి వస్తుంది.

3. కాగితాలు

స్కాలర్‌షిప్ దరఖాస్తుల రోజుల్లో మన పిల్లలు జిరాక్స్ షాపుల ముందు గుంపులుగా ఉంటారు. అక్కడి కంప్యూటర్‌లో వాట్సాప్ వెబ్ తెరిచి ఆధార్, బ్యాంకు పాస్‌బుక్, ఆదాయ ధ్రువపత్రం ప్రింటు తీయించి, అలాగే వదిలి వచ్చేస్తారు. బయటికి వచ్చేముందు మూడు పనులు చేయించండి: లాగవుట్ కావడం, డౌన్‌లోడ్స్‌లో మన ఫైళ్లు తీసేయడం, రీసైకిల్ బిన్ ఖాళీ చేయడం. తర్వాత ఫోనులో వాట్సాప్ లింక్డ్ డివైజెస్ చూస్తే ఇంకా ఎక్కడైనా తెరిచి ఉందో తెలుస్తుంది. గుర్తింపు చూపితే చాలు అనే చోట, చివరి నాలుగంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి. దాన్నీ ఆధార్ వెబ్‌సైట్‌లోనే ఉచితంగా తీసుకోవచ్చు.

పదో తరగతి మెమో, డ్రైవింగ్ లైసెన్సు, వాహన ఆర్సీ వంటివి డిజిలాకర్‌లో పెట్టుకోండి. ఇది 2015 నుంచి ఉన్న ప్రభుత్వ సేవ. ఒక తేడా గమనించండి. సంబంధిత శాఖ నుంచి నేరుగా డిజిలాకర్‌లోకి తెచ్చుకున్న పత్రం అసలుతో సమానం. మనం ఫోటో తీసి ఎక్కించినది కేవలం ఫోటోయే. మన రాష్ట్ర ప్రభుత్వం 2025 జనవరిలో మొదలుపెట్టిన మన మిత్ర వాట్సాప్ సేవ ద్వారా కూడా కొన్ని ధ్రువపత్రాలకు ఇంటినుంచే దరఖాస్తు చేయవచ్చు. నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో దరఖాస్తుకు రుసుము లేదు. "సీటు ఖాయం చేస్తాం, ముందు కొంత కట్టండి" అనేవారిని నమ్మవద్దు. ప్రభుత్వ వెబ్‌సైట్ చిరునామా సాధారణంగా గవ్ డాట్ ఇన్ అనో, నిక్ డాట్ ఇన్ అనో ముగుస్తుంది. హజ్ దరఖాస్తు చేసేవారు కూడా హజ్ కమిటీ సొంత వెబ్‌సైట్‌నో, హజ్ సువిధ యాప్‌నో మాత్రమే వాడాలి.

ఫోటోలు, ముఖ్యమైన పత్రాలు రెండు చోట్ల ఉండాలి. గూగుల్ ఖాతాకు 15 జీబీ జాగా ఉచితం. జీమెయిల్, డ్రైవ్, ఫోటోలు మూడూ దానిలోనే సర్దుకోవాలి. అందుకే "గుడ్ మార్నింగ్" బొమ్మలు తీసేసి, అమ్మీ అబ్బాల పాత ఫోటోలను ఉంచండి.

4. తెలుగులో రాయడం, తేలిగ్గా చదవడం

కంప్యూటర్‌లో తెలుగు రాయడానికి సాఫ్ట్‌వేర్ కొననక్కరలేదు. విండోస్ 10, 11లో భాషల సెట్టింగ్‌లోకి వెళ్లి తెలుగు చేర్చి, ఫొనెటిక్ కీబోర్డు ఎంచుకోండి. ఇంగ్లీషు అక్షరాలతో పలికినట్టు కొడితే తెలుగు పడుతుంది. విండోస్ మీట, స్పేస్ బార్ కలిపి నొక్కితే భాష మారుతుంది. ఫోనులో జీబోర్డు మైకు నొక్కి తెలుగులో మాట్లాడితే అదే రాసిపెడుతుంది. చూపు తగ్గిన పెద్దలకు ఇది ఎంతో హాయి.

ఇలా రాసినది యూనికోడ్ తెలుగు. ఏ ఫోనులోనైనా చదవవచ్చు, వెతకవచ్చు. పాత అను ఫాంట్లలో కొట్టినది ఆ ఫాంటు లేనిచోట పిచ్చి గీతలుగా కనిపిస్తుంది. అక్షరాలు అందంగా ఉండాలంటే మండలి, రామభద్ర, గురజాడ వంటి తెలుగు ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం. ఉత్తరాలు, లెక్కల పట్టికలకు లిబ్రేఆఫీస్ ఉచితం. దొంగ కాపీ సాఫ్ట్‌వేర్ ఎక్కించుకుంటే వైరస్ వెంట వస్తుంది, పైగా అది హలాల్ మార్గం కాదు.

నాలుగు మీటలు నేర్చుకుంటే పని సగమవుతుంది. కంట్రోల్, జెడ్: పొరపాటు వెనక్కి తీసుకోవడానికి. కంట్రోల్, ఎఫ్: పెద్ద జాబితాలో మీ పేరు వెతకడానికి. కంట్రోల్, ప్లస్: వెబ్ పేజీలో అక్షరాలు పెద్దవి కావడానికి. విండోస్, షిఫ్ట్, ఎస్: తెర మీద కావలసినంత మేర ఫోటో తీయడానికి. మోసం జరిగినప్పుడు సాక్ష్యం దాచుకోవడానికి ఈ చివరిది పనికొస్తుంది.

పిల్లలకు స్వయం, దీక్ష పాఠాలు, ఖరగ్‌పూర్ ఐఐటీ నడిపే నేషనల్ డిజిటల్ లైబ్రరీ, 2003 నుంచి పెరుగుతున్న తెలుగు వికీపీడియా అన్నీ ఉచితంగా దొరుకుతాయి.

5. పాత కంప్యూటర్‌ను దానం చేసేముందు

ఇది ముఖ్యంగా దాతలకు. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. చాలా పాత కంప్యూటర్లు విండోస్ 11కు పనికిరావు. అంతమాత్రాన వాటిని పాత సామానుకు అమ్మనక్కరలేదు. లినక్స్ మింట్ అనే ఉచిత వ్యవస్థ ఎక్కిస్తే, 4 జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్ కూడా పాఠాలు వినడానికి, టైపింగ్ నేర్చుకోవడానికి, దరఖాస్తులు పెట్టడానికి చక్కగా పనికొస్తుంది. ఇంటర్ చదివే ఒక అమ్మాయికి అది చాలు.

కానీ ఇచ్చేముందు శుభ్రం చేయాలి. మన మార్కాపురం పలక మీద రాసింది తుడిస్తే పోతుంది. కంప్యూటర్‌లో డిలీట్ కొడితే పేరు మాత్రమే పోతుంది, సమాచారం చాలావరకు లోపలే ఉండి, తెలిసినవాడు బయటికి తీయగలడు. అందుకే కావలసినవి వేరే చోట దాచుకుని, ఖాతాలన్నిటినుంచి లాగవుట్ అయి, సెట్టింగ్స్‌లో రికవరీ కింద ఉన్న రీసెట్‌లో "రిమూవ్ ఎవ్రీథింగ్" ఎంచుకోండి. ఆ తర్వాత "క్లీన్ డేటా" అన్నదానినీ ఆన్ చేయండి. కొన్ని గంటలు పట్టవచ్చు, ఓపిక పట్టండి. ఫోను ఇచ్చేటప్పుడు సిమ్, మెమరీ కార్డు తీసి, గూగుల్ ఖాతాను ఫోనునుంచి తొలగించి, తర్వాతే ఫ్యాక్టరీ రీసెట్ చేయాలి. ఖాతా తొలగించకపోతే తీసుకున్నవారికి ఆ ఫోను తెరుచుకోకపోవచ్చు.

ఒక మనవి

మన ఊళ్లలో చాలా ఇళ్లలో పిల్లలు హైదరాబాదులోనో, బెంగళూరులోనో, గల్ఫ్‌లోనో ఉన్నారు. ఇక్కడ పెద్దవాళ్లు, వాళ్ల చేతిలో పిల్లలు కొనిచ్చిన ఫోను. ఫోను కొనిచ్చాం కానీ పక్కన కూర్చుని నేర్పలేదు. మా మామూ విషయంలో నా తప్పూ అదే.

ఈ సంచిక చదివిన ప్రతి ఒక్కరూ ఒక గంట కేటాయించండి. మీ ఇంట్లోనో, పక్కింట్లోనో ఒక పెద్దమనిషి ఫోను తీసుకుని, వారి ఎదురుగానే వాట్సాప్ పిన్ పెట్టించండి, 1930 నంబరును పేరుతో సేవ్ చేయండి, పిన్ సంగతి వారి చేతే రెండుసార్లు చెప్పించండి. "తప్పు జరిగితే మాకు చెప్పండి, కోప్పడం" అని మాట ఇవ్వండి. దాచుకోకుండా చెప్పే ధైర్యం వారికి ఆ మాటతోనే వస్తుంది.

మా మామూతో నేను ఈమధ్యే అలా కూర్చున్నాను. అంతా అయ్యాక ఆయనే అడిగారు, "ఆ రోజు చెప్పావే, ఆస్పత్రి కుటుంబం, వాళ్లకు ఇంకా అవసరం ఉందా?" అని. కమిటీ సభ్యుడికి ఫోను చేసి, పేరు సరిచూసుకుని, పంపారు. రసీదు కూడా అడిగి తీసుకున్నారు.

మన సంపాదనలో అల్లాహ్ బర్కత్ ప్రసాదించుగాక, మనం ఇచ్చేది అర్హులకే చేరేలా చేయుగాక. ఆమీన్.