బెదురు గుర్రాన్ని రోమాల కత్తిరింపునకు అలవాటు చేయడం

గాయానికి చికిత్స చేయడానికి, చర్మవ్యాధికి మందు పూయడానికి, దట్టమైన రోమాలలో చెమట ఆరనప్పుడు గుర్రం రోమాలను విద్యుత్ యంత్రంతో కత్తిరించవలసి వస్తుంది. గుర్రం స్వభావతః ప్రమాదాన్ని పసిగట్టి పారిపోయే జంతువు. ఈగ వాలినా గుర్తించే దాని చర్మానికి యంత్రపు అదురు, చెవికి దాని మోత కొత్తవి. కనుక బెదురును మొండితనంగా భావించరాదు. పై పెదవికి తాడు బిగించి బలవంతంగా పని ముగిస్తే, మరుసటిసారి భయం మరింత పెరిగే అవకాశం ఉంది.

అలవాటును అంచెలంచెలుగా చేయాలి. మొదట, ఆపి ఉంచిన యంత్రంతో భుజాన్ని నిమరాలి. తరువాత కొంత దూరంలో యంత్రాన్ని నడుపుతూ, సహాయకునిచేత మేత పెట్టించాలి. ఆపై గుర్రంపై అరచేయి ఆనించి, ఆ చేతి వెనుక భాగానికి నడుస్తున్న యంత్రపు పిడిని తాకించాలి. అదురు చేతి ద్వారా మెల్లగా చేరుతుంది. చివరగా భుజంపై కొద్దిగా కత్తిరించాలి. పొట్ట, కాళ్లు, తల, చెవులను ఆఖరుకు ఉంచాలి.

ఇందులో కీలకం యంత్రాన్ని తీసే క్షణం. గుర్రం తల దించి నిలకడగా ఉన్నప్పుడే తీయాలి. ఉలికిపడిన ప్రతిసారీ తీస్తే, ఉలికిపాటే ఉపశమన మార్గమని అది నేర్చుకుంటుంది. అయితే తన్నబోతే వెంటనే తప్పుకొని, ముందటి అంచెనుండి తిరిగి ప్రారంభించాలి.

మొద్దుబారిన బ్లేడు రోమాలను లాగుతుంది. వేడెక్కిన బ్లేడు చర్మాన్ని బాధిస్తుంది. రెండింటినీ తరచూ పరీక్షించాలి. చికిత్స అత్యవసరమైతే, మత్తుమందు విషయం పశువైద్యుడే నిర్ణయించాలి. మత్తులో ఉన్న గుర్రం కూడా హఠాత్తుగా తన్నగలదని విద్యార్థులు గుర్తుంచుకోవాలి.