ముందు బరువు దించు, ఆ తర్వాత చక్రాలు జరుపుదాం

కరీంనగర్



నువ్వు పంపిన వీడియో చూసిన, మేనకోడలా. కొండగట్టు దగ్గరి పరుపు బండ మీదికి నీ రిమోట్ ఆటబండి, ఆ క్రాలర్, నిలువుగ ఎక్కినంతసేపు ఏ ఇబ్బందీ లేదు. వాలుకు అడ్డంగ తిప్పంగనే పై దిక్కు చక్రాలు రెండూ లేసి పక్కకు పడిపోయింది. చక్రాలు బయటికి జరిగేటట్టు స్పేసర్లు చేసియ్యమని అడిగినవు. చేసిస్త. లేత్ మీద అదేం పెద్ద పని కాదు. కానీ అవి బిగించే ముందు నీ బండి ఎందుకు పడుతున్నదో నువ్వే కొలిచి తెలుసుకోవాలె. అందుకే ఫోన్ల నాలుగు ముక్కలు చెప్పి ఊరుకోకుండ ఈ ఉత్తరం రాస్తున్న.

ఆటబండైనా ట్రాక్టరైనా పక్కకు పడే కోణం రెండు కొలతలతోనే తేలుతది. ఒకటి ఎడమ టైరు నడిమి నుంచి కుడి టైరు నడిమి దాకా ఉండే వెడల్పు. రెండోది నేల నుంచి గురుత్వ కేంద్రం ఎంత ఎత్తుల ఉన్నదనేది. సగం వెడల్పును ఆ ఎత్తుతోని భాగిస్తే వచ్చేది ఆ కోణం టాంజెంటు. ఇంజనీరింగు చదివే పిల్లవు, నీకు ఇంతకన్న విడమరిచి చెప్పే పని లేదు. నీది పదో వంతు సైజు బండి. దాని వెడల్పు 190 మిల్లీమీటర్లు, గురుత్వ కేంద్రం 95 మిల్లీమీటర్ల ఎత్తున ఉన్నదనుకో. సరిగ్గ 45 డిగ్రీల దగ్గర పడతది. ఒక్కో దిక్కు 6 మిల్లీమీటర్ల స్పేసర్ వేస్తే వెడల్పు 202 అయితది. అయినా కోణం 47 డిగ్రీలకు అందదు.

ఇప్పుడు స్పేసర్ వేయకుండనే ఇంకో లెక్క చెయ్యి. బండి మొత్తం రెండున్నర కిలోలు, అందుల బ్యాటరీ పావు కిలో. ఆ బ్యాటరీని ఇప్పుడున్న చోటి నుంచి 5 సెంటీమీటర్లు కిందికి దించి ఛాసిస్ పట్టాల నడుమ కూర్చోబెడితే గురుత్వ కేంద్రం 5 మిల్లీమీటర్లు దిగుతది. కోణం 46 డిగ్రీలు దాటి ఇంకో అర డిగ్రీ పోతది. అంటే రూపాయి ఖర్చు లేకుండ స్పేసర్లు ఇచ్చేదాంట్ల చాలా మట్టుకు వచ్చేసినట్టే. దాని మీద నువ్వు టాపు మీద పెట్టిన క్యారియర్, లైట్ల పట్టీ, ఇనుప డబ్బాలు కూడ తీసెయ్యి. అవి ఫొటోకు మంచిగనే ఉంటయి, నేను కాదనను. కానీ బండిల అన్నిటికన్న పైన ఉండే బరువు అదే. మొత్తం మీద కేంద్రం 10 మిల్లీమీటర్లు దిగితే 48 డిగ్రీల దాకా నిలబడతది. ఇంకా కావాలంటే ముందు చక్రాల స్టీరింగు నకిళ్లకు ఇత్తడి బరువులు వేసుకో. అవి ఇరుసు ఎత్తులనే ఉంటయి కాబట్టి కేంద్రాన్ని కిందికే లాగుతయి.

ఇవన్నీ గట్టి బల్ల మీది లెక్కలు. నిజం బండికి స్ప్రింగులు ఉంటయి, వాలు మీద పై బాడీ కింది దిక్కుకు ఒరుగుతది, టైరు మెత్తగ అణుగుతది. అందుకే కాయితం మీద వచ్చిన కోణం కన్న ముందే పడతది. షాకర్లు మరీ మెత్తగ ఉన్నయేమో చూసుకో. వీడియోల నీ బండి పడకముందే బాడీ చాలా ఒరిగినట్టు నాకు కనిపించింది.

వెడల్పు పెంచితే వచ్చే నష్టాలు కూడ తెల్వాలె. స్టీరింగు తిరిగేటప్పుడు ముందు చక్రం కింగ్‌పిన్ చుట్టు తిరుగుతది. ఆ పిన్ను గీత నుంచి టైరు నడిమి దాకా ఉన్న దూరం ఇప్పుడు 20 మిల్లీమీటర్లు అనుకుంటే, స్పేసర్‌తోని 26 అయితది. టైరు నడిమికి రాయి తగిలినప్పుడు ఆ దెబ్బ స్టీరింగు తిప్పే సర్వో మోటరు మీద ఇంతకు ముందు కన్న సుమారు 30 శాతం ఎక్కువ పడతది. సర్వో గేర్ల పండ్లు విరిగేది ఇట్లనే. బయటి బేరింగు మీద కూడ భారం పెరుగుతది. చక్రాన్ని పూర్తిగ తిప్పి, స్ప్రింగు అణిచి చూస్తే టైరు బాడీకో బంపరుకో రాసుకుంటది. పెన్సిల్‌తోని ఆ జాగ గుర్తు పెట్టుకుని, అక్కడ కోయాల్నా వద్దా అని స్పేసర్ బిగించకముందే తేల్చుకో.

అన్నిటికన్న నేను భయపడేది నట్టు గురించి. నీ చక్రాలు 12 మిల్లీమీటర్ల ఆరు మూలల హెక్స్ మీద కూర్చుంటయి, బయట లోపల నైలాన్ రింగున్న 4 మిల్లీమీటర్ల నైలాక్ నట్టు. స్పేసర్ ఎంత మందం ఉంటదో ఇరుసు థ్రెడ్డు అంత లోపలికి పోతది. నట్టు బిగించినంక ఇరుసు కొస నైలాన్ రింగును దాటి బయటికి కనిపించాలె. కనిపించకపోతే ఆ నట్టు పట్టినట్టు కాదు, నాలుగు గుంతలు దాటంగనే ఊడుతది. కాబట్టి పలచటి స్పేసర్‌తోని పని కాకుంటే పొడుగు హెక్స్ హబ్బు వేయాలె. అది పిన్నుకు కూర్చుని, చిన్న స్క్రూతోని ఇరుసును పట్టుకుంటది. లేదంటే ఆఫ్‌సెట్ ఎక్కువున్న రిమ్ములు కొనుక్కోవాలె. నన్నడిగితే నీకు రిమ్ములు మార్చుడే మేలు. నట్టు లోపలికి పోదు, విప్పుడు బిగించుడు సులువు.

ఇదంతా నాకు ఎట్ల తెలుసు అంటవేమో. ట్రాక్టర్ల చక్రాలు జరుపుడే నా బతుకుదెరువు కదా. వెనక రిమ్ముకు డిస్కుకు నడుమ బోల్టులు విప్పి, డిస్కును తిరగేసి బిగిస్తే వెడల్పు మారుతది. బ్రిటన్ల 1946ల వచ్చిన ఫెర్గూసన్ టీఈ20 ట్రాక్టర్‌కు 48 అంగుళాల నుంచి 76 దాకా 4 అంగుళాల మెట్లతోని ఈ ఏర్పాటు ఉండె. చక్రం తిరగేసినప్పుడు టైరు పట్టీల ‘వి’ దిక్కు తప్పొద్దని ఎడమది కుడికి, కుడిది ఎడమకు మారుస్తం. ముందు ఇరుసుల బయటి ముక్కను ఒక రంధ్రం అవతలికి జరిపితే టై రాడ్డును కూడ అంతే పొడుగు చేసి, చక్రాల ముఖాలు మళ్ల సరి చేస్తం. నీ బండికి హబ్బు దగ్గరనే జరుపుతున్నం కాబట్టి టై రాడ్డుతోని పని లేదు. కానీ రేపు పొడుగు ఇరుసు గొట్టం వేయాలని మనసు పుడితే అప్పుడు ఇది యాదికి పెట్టుకో.

మీ ఆదిలాబాద్ దిక్కు పత్తి రైతు చక్రాలు జరిపించుకునేది సాళ్లు చూసుకునే. చక్రం సాలు నడుమ పోవాలె, చెట్టు మీద పడొద్దు. అదే ట్రాక్టర్‌ను మన దగ్గర వరి మడికి తోలుకొస్తే లెక్క వేరే. వెడల్పు ఎంత ఉండాల్నో చెప్పేది నేలనే. నీ క్రాలర్‌కూ అంతే.

కరీంనగర్ దిక్కు మనది గ్రానైటు. టాన్ బ్రౌన్, మేపుల్ రెడ్ అని ఓడల మీద దేశాలు దాటేది ఈ రాయే. సుమారు 250 కోట్ల ఏండ్ల నాటిది. ఎండకు వానకు పొరలు పొరలుగ లేసి, గుండ్లు గుండ్లుగ అయితది. గుండు నున్నగ కనిపిస్తది గని చెయ్యి పెట్టి చూడు, పలుకు పలుకుగ గరుకుగ ఉంటది. ఆ గరుకుకు రబ్బరు పట్టు వదలది. కాబట్టి ఇక్కడ బండి జారేది తక్కువ, పడేది ఎక్కువ. అడ్డం వాలు మీద జర వెడల్పు పనికొస్తది. మీ ఊరి దిక్కు నల్లరాయి వేరే. అది అగ్నిపర్వతాల లావా గడ్డకట్టిన దక్కన్ ట్రాప్ రాయి, సుమారు 6 కోట్ల 60 లక్షల ఏండ్ల నాటిది. అది అంచులు తేలిన ముక్కలుగ పగులుతది. వాగుల్ల ఆ రాళ్లు ఒకదాని మీద ఒకటి కదులుతుంటయి, నడుమ ఇరుకు సందులుంటయి. అక్కడ వెడల్పు బండి ఇరుక్కుంటది, సన్నటిది దూరిపోతది. తడి నల్లరాయి మీద బండి పడకముందే జారుతది. జారే దానికి వెడల్పుతోని ఏం లాభం లేదు, అక్కడ టైరు రబ్బరు మెత్తగ ఉండాలె.

అందుకే రెండు జతల రిమ్ములు పెట్టుకో అంటున్న. కొండగట్టుకు ఒకటి, సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఒకటి. ఏ జత వేసినా వెనక వెడల్పు ముందు కన్న ఎక్కువ పెట్టకు. మలుపుల్ల వెనక చక్రం లోపలి దిక్కుకు కోసుకుని పోతది. ముందు చక్రం తప్పించుకున్న రాయికి వెనకది పోయి తగులుతది.

ఎక్కడ నడిపినా క్వారీ గుంతల దగ్గరికి మాత్రం పోకు. అంచు ఎప్పుడు జారుతదో ఎవ్వరికీ తెల్వది. కవ్వాల్ అడవి 2012 నుంచి పులుల రిజర్వు, అక్కడికి ఈ బండి తీసుకుపోవాలని అసలే అనుకోకు. ఆటకు రాళ్లు మనకు ఊరంతా ఉన్నయి.

ఇప్పుడు పని చెప్త. మీ హాస్టల్‌ల ఒక వెడల్పు చెక్క దొరకవట్టు. దాని మీద ఇసుక కాయితం అతికించు, లేకుంటే పడకముందే జారుతది. బండిని అడ్డంగ పెట్టి, చెక్కకు ఫోన్ ఆనించి లెవల్ చూసే యాప్ తెరువు. చెక్క ఒక అంచును మెల్లగ లేపు. పై చక్రం చెక్కను విడిచిన క్షణంల డిగ్రీలు రాసుకో. బండిని తిప్పి రెండో దిక్కు కూడ చూడు. బ్యాటరీ ఒక పక్కకు ఉంటే రెండు లెక్కలు ఒక్క తీరుగ రావు. తేడా వస్తే బ్యాటరీని నడిమికి జరపాలె. తర్వాత టాపు సామాను తీసి, బ్యాటరీ దించి, మళ్ల అదే కొలత తియ్యి. ముందుది, తర్వాతది రెండూ నాకు పంపు. నైలాక్ నట్టు బయటికి ఇరుసు ఎంత వచ్చిందో కూడ కొలిచి రాయి. దాన్ని చూసి 3 మిల్లీమీటర్లు చేయాల్నా, 5 చేయాల్నా, అసలు అవసరమే లేదా అనేది తేలుస్త. అల్యూమినియం రాడ్డు షెడ్డుల ఉన్నది. దసరాకు ఇంటికి పోయేటప్పుడు కరీంనగర్‌ల దిగు, అత్తమ్మ చూడాలంటున్నది. బండిని కూడ పట్టుకురా.

మీ మామ