స్వరము సాక్ష్యము కాదు
(గ్రామ పంచాయతీ సభ్యులకు పాఠము)

ఊరికి క్రొత్తవాడు వచ్చినచో ‘ఎవరి తాలూకు?’ అని అడుగుట మన పల్లెల ఆచారము. సరియైన సమాధానము వచ్చిన పిదపనే అరుగుపై కూర్చుండబెట్టుదుము. కాని టెలిఫోనులో వినబడు స్వరమును ఈ ప్రశ్న అడుగుటకు మనము వెనుకాడుచున్నాము. అది అధికారపూర్వకముగా పలికినచో, అడుగుట అవిధేయత యగునేమో యని సంకోచించుచున్నాము. ఈ సంకోచమే మోసగాండ్రకు పెట్టుబడి. నేడు యంత్రము సైతము మనుష్యునివలె మాటలాడ నేర్చినది. ఆ యంత్రముతోనే మన జాగరూకతను పరీక్షించు పద్ధతియు వచ్చినది. దానిని గూర్చి ఈ పాఠమున వివరింపదలచితిమి.

మాటయే ఆయుధము

తాళము పగులగొట్టుటకంటె తాళపుచెవిని యజమాని చేతనే ఇప్పించుకొనుట సులువు. మాటలచేత మనిషిని లోబరచుకొని రహస్యమును రాబట్టు విద్యను ‘సోషల్ ఇంజనీరింగ్’ అందురు. ఇది క్రొత్తది కాదు. 1995 ఫిబ్రవరిలో అమెరికాలో పట్టుబడిన కెవిన్ మిట్నిక్ కంప్యూటరు విద్యలోనే గాక, టెలిఫోనులో ఉద్యోగులను నమ్మించుటలోను గొప్ప నేర్పరి. శిక్ష ముగిసిన పిదప అతడే సంస్థలకు భద్రతా సలహాదారుగా పనిచేసి, 2023లో మరణించెను. దొంగదారులు తెలిసినవాడు కావలికి ఉపయోగపడుననుటకు ఇది తార్కాణము.

యంత్రము ఎట్లు మాటలాడును?

ఇందులో మూడు పనులు ఒకదాని వెంట ఒకటి జరుగును. మొదటిది, అవతలివారి మాటను విని అక్షరములుగా మార్చుట. రెండవది, ముందుగా వ్రాసి యిచ్చిన ఆదేశము ననుసరించి తగిన సమాధానమును కూర్చుట. మూడవది, దానిని మనుష్యస్వరముతో పలుకుట. మనము ఎదురుప్రశ్న వేసినను అది తడుముకొనక బదులు చెప్పును. ముందే రికార్డు చేసి వినిపించు ప్రకటనకును దీనికిని ఇదియే భేదము.

ఒకరి స్వరమును అనుకరించుటయు నేడు సాధ్యము. మూడు సెకనుల మాట దొరికినచో ఆ స్వరమును అనుకరింపగల యంత్రమును గూర్చి 2023 జనవరిలో మైక్రోసాఫ్ట్ పరిశోధకులు ప్రకటించిరి. 2024 జనవరిలో అమెరికాలోని న్యూ హాంప్‌షైర్ రాష్ట్రమున, అప్పటి అధ్యక్షుడు బైడెన్ స్వరమును పోలిన స్వరముతో, ప్రాథమిక ఎన్నికలో ఓటు వేయవద్దని ఓటర్లకు ఫోనులు వచ్చినవి. కావున ‘వారి గొంతును నేను గుర్తుపట్టితిని’ అను మాట ఇక చాలదు.

పరీక్ష యనగా నేమి?

తుపాను రాకముందే సహాయక దళములు అభ్యాసము చేయును గదా! ఇదియు అట్టిదే. సంస్థ కోరికపై యంత్రస్వరము ఉద్యోగులకు ఫోను చేసి, మోసగానివలె మాటలాడి, ఎవరు ఎచట లొంగుదురో గుర్తించును. మనిషి దినమునకు కొలదిమందితోనే మాటలాడగలడు. యంత్రము ఒక్కసారిగా అనేకులతో మాటలాడగలదు. 2024 ఆగస్టులో లాస్ వేగాస్‌లో జరిగిన డెఫ్‌కాన్ సమావేశమున ఇట్టి ఫోను సంభాషణలలో మనుష్యులకును యంత్రమునకును పోటీయే పెట్టిరి.

ఒక ఉదాహరణ ఊహింతము. మార్చి నెలాఖరు. కార్యదర్శికి ఫోను వచ్చును. ‘జిల్లా కార్యాలయము నుండి మాటలాడుచున్నాను. సాయంత్రములోగా సరిచేయనిచో మీ నిధులు మురిగిపోవును. ఓటీపీ చెప్పుడు. ఈ విషయము సర్పంచిగారికి ఇప్పుడే చెప్పనక్కరలేదు’ అని వినబడును. ఇందులో అధికారము, భయము, తొందర, రహస్యము అను నాలుగు గాలములును ఉన్నవి. కేంద్ర ఆర్థిక సంఘపు నిధులను ఈ-గ్రామ్‌స్వరాజ్ ద్వారా డిజిటల్ సంతకములతో చెల్లించుచున్న ఈ కాలమున, ఒక్క మాట జారినచో ఊరి మంచినీటి సొమ్మే పోవచ్చును.

పరీక్షకు నియమములు

ఏ సంస్థయైనను ఇట్టి పరీక్ష జరుపుదుమని వచ్చినచో సభ్యులు ఈ క్రింది నియమములను కోరవలెను.

1. సంస్థాధిపతి వ్రాతపూర్వకమైన అనుమతి ఉండవలెను. ఫోను ద్వారా గాని కంప్యూటరు ద్వారా గాని మరొకరివలె నటించి మోసగించుట 2000 సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టము 66డి సెక్షను క్రింద నేరము. మూడేండ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా విధింపవచ్చును.

2. పరీక్ష ఎప్పుడైనను జరుగవచ్చునని సిబ్బందికి ముందుగా తెలుపవలెను. దినము చెప్పనక్కరలేదు.

3. నిజమైన ఓటీపీని గాని పిన్‌ను గాని రాబట్టరాదు. ఉద్యోగి చెప్పుటకు సిద్ధపడినంతనే సంభాషణ ఆపి, ఇది పరీక్ష యని తెలుపవలెను.

4. బిడ్డలకు ప్రమాదము జరిగినదని బెదరింపరాదు. ఏ అధికారి స్వరమునైనను అతని అనుమతి లేక అనుకరింపరాదు.

5. రికార్డులను పని ముగిసిన పిమ్మట చెరిపివేయవలెను. తప్పినవారి పేర్లు సభలో చదువరాదు.

ఈ కడపటి నియమము మిక్కిలి ముఖ్యము. తప్పినవానిని నవ్వులపాలు చేసినచో, రేపు నిజముగా మోసపోయినపుడు అతడు దాచిపెట్టును. ఆ దాచిన గంటలలోనే సొమ్ము ఒక ఖాతానుండి మరొక ఖాతాకు పారిపోవును. పరీక్షింపవలసినది మనిషిని కాదు, పద్ధతిని.

పంచాయతీ చేయదగిన పని

యంత్రము లేకయే ఈ అభ్యాసము చేయవచ్చును. సమావేశమున ఒక సభ్యుడు మోసగానివలె ఫోనులో మాటలాడవలెను. మరొకరు బదులు చెప్పవలెను. తక్కినవారు గాలములను గుర్తింపవలెను. తరువాత ఈ పద్ధతిని తీర్మానముగా వ్రాసికొనవలెను. పేరు, హోదా అడిగి ఫోను పెట్టివేయవలెను. పిలిచినవారు ఇచ్చిన నంబరుకు గాక, కార్యాలయపు గోడపై వ్రాసియున్న నంబరుకు తిరిగి ఫోను చేయవలెను. డిజిటల్ కీని, దాని పిన్‌ను ఇతరులకు అప్పగింపరాదు. ఓటీపీ ఎవ్వరికిని చెప్పరాదు. సొమ్ము పోయినచో క్షణమైనను ఆలసింపక 1930 నంబరుకు ఫోను చేయవలెను.

నిజమైన అధికారి యైనచో మనము తిరిగి ఫోను చేసినందుకు కోపింపడు. కోపించినచో, ఆ కోపమే మరి రెండు నిముషములు ఆగుటకు కారణము. ఊరి సొమ్మునకు ధర్మకర్తలమైన మనకు ‘ఎవరి తాలూకు?’ అని అడుగుట అవిధేయత కాదు. అది మన విధి.

చర్చింపదగిన ప్రశ్నలు

1. మీ కార్యాలయపు గోడపై మండల, జిల్లా కార్యాలయముల ఫోను నంబర్లు వ్రాసియున్నవా?

2. మీ డిజిటల్ కీలు ఎవరి వద్ద ఉన్నవి? వాని పిన్‌లు ఎవరెవరికి తెలియును?

3. మోసపోయితినని ఒక ఉద్యోగి వచ్చి చెప్పినచో, మీ మొదటి మాట ఏదిగా ఉండవలెను?