స్థైర్యము - కాయకము

స్థైర్యమనగా కష్టము రాకుండుట కాదు. వచ్చినపుడు నిత్యకృత్యము తప్పకుండుట. ఇది అరణ్యమున గాక ఇంటను, పొలమునను అభ్యసింపవలసిన గుణము.

మా ఇడుపులపాయ ప్రాంతమున వర్షము స్వల్పము. చీనీ మొక్క నాటిన రైతు తొలి కాపునకు నాలుగైదేండ్లు వేచియుండవలెను. బోరు ఎండిన యేట ట్యాంకరుతో నీరు తెచ్చి చెట్లను బ్రతికించుకొన్నవారు పులివెందుల సీమలో కలరు. అట్టి వేసవిలో మనసును రెండు పీడించును: రేపటి భయము, పొరుగుతోటతో పోలిక.

ఈ రెంటికిని 12వ శతాబ్దపు బసవాది శరణులు చూపిన మందు కాయకము. కల్యాణమున ఆయ్దక్కి మారయ్య నేల రాలిన బియ్యపుగింజలు ఏరి దాసోహము నడపెడివాడు. ఒకనాడతడు అవసరమునకు మించి తెచ్చెననియు, భార్య లక్కమ్మ సంతసింపక, ఆ యధికమును తెచ్చినచోటనే పోసి రమ్మని పంపెననియు శరణచరిత్ర చెప్పును.

పేదయింట బియ్యము వద్దనుట సులభమా? రేపును నా చేతులు పనిచేయునను నమ్మకము ఆమెది. ఆ నమ్మకమే స్థైర్యము.

అయితే సోదరులారా! కాయకము వాన కురిపింపదు, అప్పు తీర్పదు. రైతు మౌనమును ఓర్పని పొగడి ఊరు చేతులు ముడుచుకొనరాదు. అందులకే శరణులు కాయకము చెంత దాసోహమును నిలిపిరి. ఒకని ధైర్యము తరిగిననాడు పదిమంది పంచుకొన్న అన్నము అతనిని నిలుపును.

కావున ప్రాతఃకాలమున ఇష్టలింగమును అరచేత నుంచి చూపు నిలుపుడు. పగలు చేతిపని చేయుడు. రాత్రి రెండు ప్రశ్నలు వేసికొనుడు: నాకెంత చాలినది? ఎవరికి చాలలేదు?