ఇచ్ఛ లేని ఐచ్ఛికం: మాధ్యమిక విద్యలో పాఠ్యాంశాల ఎంపిక

మాధ్యమిక విద్యలో విద్యార్థి ఎదుర్కొనే మొదటి పెద్ద నిర్ణయం పాఠ్యాంశాల ఎంపిక. పదవ తరగతి ఫలితాలు వెలువడిన నాటినుండి కళాశాలలో చేరే గడువు ముగిసేవరకు ఉండేవి కొద్ది వారాలు మాత్రమే. ఆ వ్యవధిలో పదిహేను, పదహారేళ్ల పిల్లలు గణితం చదవాలా, జీవశాస్త్రం చదవాలా, వాణిజ్యశాస్త్రమా, చరిత్రా అన్నది తేల్చుకోవలసి ఉంటుంది. తెలుగునాట ఈ నిర్ణయమంతా ఎం.పి.సి., బై.పి.సి., సి.ఇ.సి., హెచ్.ఇ.సి. అనే కొన్ని పొడి అక్షరాలలో ఇమిడిపోతున్నది. నిర్ణయం పిల్లలదే అంటాము. కాని దాని వెనుక ఉండేవి తండ్రి కోరిక, అన్నగారి మార్కులు, పొరుగువారి సలహా, ఇంటికి దగ్గరలో ఉన్న కళాశాల.

ఇలా ఎంచుకొనే పాఠ్యాంశాలకు మనం పెట్టుకున్న పేరు ఐచ్ఛికాలు. హిందీలోనూ ఇదే మాట వాడుకలో ఉన్నది. ఇచ్ఛను అనుసరించినది ఐచ్ఛికం. అయితే ఎన్నడూ రుచి చూడని దానిపై ఇచ్ఛ ఎలా కలుగుతుంది? అర్థశాస్త్రాన్ని సాంఘికశాస్త్రంలో ఒక భాగంగా తప్ప ఎరుగని విద్యార్థి దానిని కోరుకోవడానికైనా, వద్దనుకోవడానికైనా ఆధారమేమున్నది? ఇచ్ఛకు ముందు పరిచయం కావాలి. పరిచయానికి వ్యవధి కావాలి. ఈ వ్యవధిని ఐర్లండు ఒక విధంగా కల్పించింది. మన దేశంలో నవోదయ విద్యాలయాలు ఇంచుమించు అదే వయసు పిల్లలకు మరొక విధమైన ఏడాదిని ఇస్తున్నాయి. ఈ రెంటినీ పక్కపక్కన ఉంచి పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

మన దేశంలో ఎంపిక

స్వాతంత్ర్యానంతరం ఈ సమస్యను విస్తృతంగా చర్చించినది డాక్టర్ ఎ. లక్ష్మణస్వామి మొదలియార్ అధ్యక్షతన 1952-53లో పనిచేసిన మాధ్యమిక విద్యా కమిషన్. పిల్లల అభిరుచులు వేరువేరు గనుక ఒకే మూసలో చదువు తగదని ఆ కమిషన్ భావించింది. మానవీయ శాస్త్రాలు, విజ్ఞానశాస్త్రం, సాంకేతిక విద్య, వాణిజ్యం, వ్యవసాయం, లలితకళలు, గృహవిజ్ఞానం అనే ఏడు విభాగాలతో బహుళార్థసాధక పాఠశాలలను సూచించింది. ఉద్దేశం ఉదాత్తమే. కాని ఆ పద్ధతిలో విద్యార్థి ఇంకా చిన్న వయసులోనే ఒక దారిని పట్టవలసి వచ్చేది.

1964-66 నాటి కొఠారీ కమిషన్ దీనిని సవరించింది. పదేళ్లపాటు అందరికీ సామాన్య విద్య ఉండాలని, ప్రత్యేకీకరణ ఆ తరువాతనే మొదలు కావాలని చెప్పింది. చదువులో పనికి చోటుండాలన్నది ఆ కమిషన్ చేసిన మరొక ముఖ్య సూచన. ఈ భావానికి మూలం 1937లో వార్ధా సమావేశంలో గాంధీజీ ప్రతిపాదించిన నయీ తాలీమ్‌లో ఉన్నది. 1977లో ఈశ్వర్‌భాయ్ పటేల్ సమితి దీనిని ‘సమాజోపయోగ ఉత్పాదక కృత్యం’ అనే పేరుతో పాఠశాలల ముందుంచింది. అయితే మార్కుల లెక్కలో అంతగా చోటు లేని ఆ గంట పెక్కు పాఠశాలలలో కాలపట్టికకే పరిమితమైంది.

ఆ విధంగా ఎంపిక వయసు వెనుకకు జరిగింది. అది మేలే. కాని ఎంచుకొనేందుకు కావలసిన పరిచయం మాత్రం పాఠ్యప్రణాళికలో చేరలేదు. 2020 జాతీయ విద్యా విధానం కళలకూ శాస్త్రాలకూ నడుమ గట్టి గోడలు ఉండరాదన్నది. ఆరు నుండి ఎనిమిదవ తరగతి వరకు ఏదో ఒక సమయంలో పది రోజులపాటు పిల్లలు పుస్తకాల సంచి లేకుండా వడ్రంగి, తోటమాలి, కుమ్మరి, చిత్రకారుడు వంటివారి వద్ద పని నేర్చుకోవాలని సూచించింది. పది రోజులు తక్కువే కావచ్చు. కాని దిశ సరియైనది.

ఐర్లండు సంధి సంవత్సరం

మనవలెనే దీర్ఘకాలం బ్రిటిష్ పాలనలో ఉండి, పరీక్షలకు పెద్ద పీట వేసిన దేశం ఐర్లండు. అక్కడ పిల్లలు సుమారు పన్నెండేళ్ల వయసులో మాధ్యమిక పాఠశాలలో చేరుతారు. మూడేళ్లకు ఒక పరీక్ష. ఆపైన మరి రెండేళ్లకు ‘లీవింగ్ సర్టిఫికెట్’ అనే అంతిమ పరీక్ష. ఈ చివరి పరీక్షకు సాధారణంగా ఏడు పాఠ్యాంశాలు చదువుతారు. విశ్వవిద్యాలయ ప్రవేశానికి మేలైన ఆరింటి ఫలితాలను లెక్కిస్తారు. కనుక ఏయే పాఠ్యాంశాలు ఎంచుకున్నామన్నది అక్కడా భవిష్యత్తును నిర్ణయించే విషయమే.

ఈ రెండు దశల నడుమ ఒక ఏడాదిని ప్రవేశపెట్టినవాడు నాటి విద్యామంత్రి రిచర్డ్ బర్క్. 1974లో మూడు పాఠశాలలలో ఇది ప్రయోగంగా ఆరంభమైంది. 1994 నుండి దేశమంతటా విస్తరించింది. నేడు అక్కడి మాధ్యమిక పాఠశాలలలో అత్యధిక భాగం దీనిని అందిస్తున్నాయి. దీని పేరు ‘ట్రాన్సిషన్ ఇయర్’. హిందీలో దీనిని ‘సంక్రమణ్ వర్ష్’ అనవచ్చు గాని, తెలుగులో ఆ మాట వినగానే మకర సంక్రమణమే మనసులో మెదలుతుంది. ‘సంధి సంవత్సరం’ అనడం మనకు సుబోధకం. రెండు పదాలు కలిసేచోట అక్షరం రూపు మార్చుకున్నట్లే, బాల్యమూ యౌవనమూ కలిసేచోట మనిషి రూపు మార్చుకుంటాడు.

ఈ ఏడాది చివర ప్రభుత్వ పరీక్ష లేదు. ఏమి నేర్పాలో ప్రధానంగా పాఠశాలే రూపొందించుకుంటుంది. పై తరగతులలో ఉండే పాఠ్యాంశాలను పిల్లలు కొద్ది వారాలు చదివి చూస్తారు. ఇంతవరకు వినని ఒక భాషనో, మనోవిజ్ఞానాన్నో స్పృశిస్తారు. దుకాణంలో, కార్యాలయంలో, ఆసుపత్రిలో కొన్నాళ్లు పని చేస్తారు. చిన్న వ్యాపార సంస్థను నడిపి లాభనష్టాలు లెక్క వేస్తారు, నాటకాలాడుతారు, వృద్ధులకు సేవ చేస్తారు. చేసిన పనిని వివరించే సంపుటి, నలుగురి ముందు చేసే ప్రసంగం మూల్యాంకనకు ఆధారాలవుతాయి. ఈ ఏడాదిని అంతిమ పరీక్షకు అదనపు శిక్షణగా వాడుకోరాదన్నది అక్కడి ప్రభుత్వ మార్గదర్శకాలలోని ముఖ్య నియమం. ఆ నియమమే లేకుంటే పోటీ మొత్తం ఏడాదిని మింగివేసి ఉండేది.

లోపాలు లేకపోలేదు. విహారయాత్రలకు, శిక్షణలకు అయ్యే ఖర్చు పేద కుటుంబాలకు భారమవుతున్నదన్న విమర్శ చిరకాలంగా ఉన్నది. పలుకుబడి గల తల్లిదండ్రుల పిల్లలకు మంచి సంస్థలలో పని అనుభవం దొరుకుతుంది. తక్కినవారు దొరికినదానితో తృప్తిపడవలసి వస్తుంది. 2004లో అక్కడి ఆర్థిక, సామాజిక పరిశోధన సంస్థ జరిపిన పరిశీలనలో ఈ ఏడాది చదివినవారు సగటున అంతిమ పరీక్షలో మెరుగైన ఫలితాలు పొందినట్లు తేలింది. అయితే ఆ మేలు అన్నిచోట్ల, అందరికీ సమానంగా అందలేదు. పని బాగుగా రూపొందించినచోట, పిల్లలు ఇష్టపడి చేరినచోట మాత్రమే ఏడాది సార్థకమైంది.

ఈ ఆలోచన ఐర్లండు ఎల్లలు దాటింది. దక్షిణ కొరియా దీనిని ఆదర్శంగా తీసుకొని, 2013లో కొన్ని పాఠశాలలలో ‘స్వేచ్ఛా అర్ధసంవత్సరం’ ఆరంభించి, 2016 నుండి దేశమంతటా అమలు చేసింది. పరీక్షల ఒత్తిడికి పేరుపడిన ఆ దేశమే రాతపరీక్షలు లేని ఒక అర్ధసంవత్సరాన్ని పిల్లలకు ఇవ్వగలిగింది.

నవోదయ విద్యాలయాల వలస సంవత్సరం

1986 జాతీయ విద్యా విధానంతో ముడిపడిన జవాహర్ నవోదయ విద్యాలయాలలో ప్రధానంగా గ్రామీణ బాలబాలికలు ఆరవ తరగతిలో చేరి పన్నెండు వరకు వసతితో చదువుకుంటారు. ఈ విద్యాలయాలకు ఒక విశిష్టత ఉన్నది. తొమ్మిదవ తరగతిలో సుమారు 30 శాతం విద్యార్థులు ఒక ఏడాదిపాటు మరొక భాషా ప్రాంతంలోని విద్యాలయానికి వెళతారు. హిందీ ప్రాంతంవారు హిందీయేతర ప్రాంతానికి, ఇక్కడివారు అక్కడికి. హిందీ జిల్లాలలోని విద్యాలయాలలో బోధించే మూడవ భాష కూడా ఈ వలసతోనే ముడివడి ఉంటుంది.

ఇది విరామం కాదు. పాఠాలూ పరీక్షలూ యథావిధిగా నడుస్తాయి. మారేది పరిసరం. కాని పరిసరం మారడమే గొప్ప పాఠం. తెలుగు జిల్లా నుండి వెళ్లిన బాలిక తోటి పిల్లలు ‘అవసర్’ అన్నప్పుడు మన ‘అవసరం’ అనుకుంటుంది. వారి భాషలో అది మంచి సమయం, అవకాశం. వారు ‘ఉపన్యాస్’ చదువుతున్నామంటే అది ప్రసంగం కాదు, నవల. సంస్కృతం నుండి వచ్చిన ఒకే మాట రెండు ఇళ్లలో రెండు రీతులుగా పెరిగిందని గ్రహించిన ఆ బాలికకు భాషాశాస్త్రంపై ఆసక్తి కలగవచ్చు. గోధుమ పొలాలను తొలిసారి చూసిన బాలుడికి వ్యవసాయం ఒక పాఠ్యాంశంగా తోచవచ్చు. ఐచ్ఛికానికి కావలసిన ఇచ్ఛ పుట్టేది ఇలాంటి చోటనే. దేశ సమైక్యత కూడా ఇలాంటి చోటనే వేళ్లూనుకుంటుంది.

మనకు చేయదగినది

ఐర్లండు పద్ధతిని ఉన్నదున్నట్లుగా తెచ్చుకోవడం మనకు క్షేమకరం కాదు. మన ఇళ్లలో ‘ఏడాది పోయింది’ అన్న మాటలో ఎంతో భయమున్నది. దిగువ తరగతి కుటుంబంలో ఒక ఏడాది చదువు ఆగితే కొడుకు పనికి వెళతాడు. మళ్లీ తిరిగి రాకపోవచ్చు. ఆడపిల్ల విషయంలో బడి తలుపు మూసుకోగానే పెళ్లి మాట మొదలవుతుంది. కనుక మనకు కావలసిన వ్యవధి బడి వెలుపల కాక, బడి హాజరుపట్టీ లోపలనే ఉండాలి. దానికయ్యే ఖర్చు కుటుంబంపై పడరాదు.

ఆ పరిమితిలో కొన్ని పనులు సాధ్యమే. మొదటిది, సంచి లేని పది రోజులను తొమ్మిదవ తరగతి వరకు పొడిగించి, వాటిని పై తరగతుల పాఠ్యాంశాలతో ముడిపెట్టడం: సహకార బ్యాంకులో రెండు రోజులు అర్థశాస్త్రానికి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రెండు రోజులు జీవశాస్త్రానికి, పంచాయతీ కార్యాలయంలో రెండు రోజులు పౌరశాస్త్రానికి పరిచయమవుతాయి. రెండవది, పదవ తరగతి పరీక్షలకూ కళాశాల ప్రవేశాలకూ నడుమ ఉన్న కాలంలో ఒక పక్షం రోజులు, ఒక్కొక్క విభాగం తొలి పాఠాలను అందరికీ రుచి చూపడం. మూడవది, ‘ఏక్ భారత్ శ్రేష్ఠ్ భారత్’ కార్యక్రమంలో ఆంధ్రప్రదేశ్‌కు పంజాబును, తెలంగాణకు హర్యానాను జోడించారు. ఈ జంటలను ఉత్సవాలతో సరిపెట్టక, తరగతుల మధ్య ఉత్తరాలకు, వీలైనచోట నవోదయ తరహా రాకపోకలకు ఉపయోగించడం.

వీటన్నిటికీ ఐర్లండు నేర్పిన షరతు ఒక్కటే: ఈ రోజులకు మార్కులు వేయరాదు, వీటిని పోటీ పరీక్షల శిక్షణకు మళ్లించరాదు. నారును మడిలో పెంచే రైతు దిగుబడి లెక్క అప్పుడే అడగడు. వేరు పట్టేవరకు కాచుకుంటాడు. పదహారేళ్ల పిల్లవాడు దరఖాస్తులో ఒక గడిలో గీత పెట్టేముందు, ఆ గడిలో ఏమున్నదో ఒకసారి కళ్లారా చూసి ఉండాలని కోరడం అత్యాశ కాదు. అది అతనికి మనం అచ్చియున్న బాకీ.